నీకు ఏమవుతాడు?

…అసలు ఆ ప్రశ్న రాసినవాడికి అన్నయ్య ఉండి ఉండడు. ఉన్నా, ఆ అన్నయ్యని ఎవరికీ రుజువు చేసి చూపించాల్సిన అవసరం వచ్చి ఉండదు. 'ఇద్దరూ ఒకే తల్లిదండ్రులకు జన్మించినట్లు ఆధారం జతపరచండి.' జన్మించినట్లు! ఆ మాట దగ్గరికి వచ్చేసరికి పిచ్చుక మనసు ఆగిపోతోంది. ఆగి, వెనక్కి తిరిగి, ఎక్కడెక్కడో చుట్టబెట్టి మళ్ళీ అక్కడికే వస్తోంది, ఊడిన పన్ను జాగాలోకి నాలుక పదేపదే వెళ్ళినట్టు. పుట్టడం ఒక్క పూట పని. ఆ తర్వాత జరిగినదంతా ఏ గడిలో రాయాలి?

కుర్చీలో సర్దుకుని కూర్చుంది. తాళాల కొట్టు పైనున్న చిన్న గది అది. కింద ఎవరికో మారుతాళం చెవి కోస్తున్న మర కీచుమన్నప్పుడల్లా నేల సన్నగా వణుకుతోంది. ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు. తను పనిచేసే చోటా ఇలాంటి మరే అరుస్తుంది. కాకపోతే అక్కడ అరిగేది ఇనుము కాదు, పళ్ళు.

పిచ్చుక అన్నది ఇంట్లో పెట్టిన ముద్దుపేరు. నలభై దాటి, కళ్ళజోడు వచ్చి, ఒళ్ళు కాస్త బరువెక్కినా ఆ పేరు మాత్రం ఎగిరిపోలేదు. దేశంగాని దేశం వచ్చి, కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో కుదురుకుంది. "మా చెల్లెలు పళ్ళ పని చేస్తుంది" అని అన్నయ్య గొప్పగా చెబితే, విన్నవాళ్ళు "ఏం పళ్ళండీ, అరటా, బత్తాయా?" అని అడిగేవాళ్ళు. "నవ్వితే కనిపించేవి!" అని అన్నయ్య తనవన్నీ బయటపెట్టేవాడు. పదేళ్ళుగా అదే జోకు. పదేళ్ళుగా ఆమె అక్కడే నవ్వుతోంది.

పోయిన వారం మనం ఆమెను వంటగదిలో, పొయ్యి ముందు వదిలేశాం. ఈ దేశంలో స్థిరంగా ఉండటానికి ఆన్‌లైన్‌లో పెట్టుకున్న నివాస అనుమతి దరఖాస్తు నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండి, ఒక పొద్దున ఉన్నట్టుండి ఆ ప్రశ్న అడిగింది. జవాబివ్వడానికి ఈ శుక్రవారం దాకా గడువు. ఇవ్వకపోతే దరఖాస్తు పోతుంది. చేతిలో ఉన్న పాత అనుమతి వచ్చే నెల దాటి పనికిరాదు. ఆ పైన ల్యాబులో ఆమె బల్లా, ఆమె దీపమూ, కిటికీ పక్క ఆ వెలుతురూ ఇంకొకరివి అవుతాయి. అన్నయ్య ఎప్పట్లాగే "నేను చూసుకుంటానుగా, నువ్వు టీ పెట్టు" అన్నాడు. ఆమె టీ పెట్టింది. అది మరిగేలోపల, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అన్నయ్యకు చెప్పకుండా ఒకచోటికి ఫోను చేసింది. ల్యాబులో తోటిపనివాళ్ళు చెప్పిన చోటు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళకు ఇలాంటి దరఖాస్తులు దగ్గరుండి చేయించే సలహాదారు గది.

అదే ఈ గది. చెప్పకుండా రావడం వేరు, అబద్ధం చెప్పి రావడం వేరు అని మెట్లెక్కుతూ తనకు తాను నచ్చజెప్పుకుంది. "ల్యాబుకి వెళ్తున్నా" అనలేదు కదా. "వెళ్ళొస్తా" అంది, అంతే. ఎక్కడికో అన్నయ్య అడగలేదు. అడగకపోవడం ఆయన తప్పు. ఇలా తప్పుల్ని పంచిపెడుతూ కూర్చున్న ఆ మనసుని చూసి ఆమెకే కాస్త అసహ్యమేసింది. సరిగ్గా అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది.

"దా, దా, లోపలికి దా. బువ్వ తిన్నావా?"

పిచ్చుక వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి తననే చూస్తోంది. ముప్ఫై దాటి ఉండదు. ఇస్త్రీ చెదరని చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. లోపల గోడ మీద పటం కట్టిన లైసెన్సు కనిపిస్తోంది.

"కంగారుపడకు," అంది సలహాదారు. "నేను ఇక్కడే పుట్టాను. మన మాట నాకు అమ్మ నేర్పింది. ఇంట్లో మేమిద్దరమే. అమ్మ నాతో ఎట్లా మాట్లాడిందో నాకు అంతే వచ్చు. 'మీరు' అనడం రాదు. అమ్మ నన్ను ఎప్పుడూ మీరు అనలేదుగా! పోయిన నెల ఒక పెద్దాయన్ని 'దా, కూచో' అన్నానని అలిగి వెళ్ళిపోయాడు."

"పరవాలేదండీ," అంది పిచ్చుక. తనకంటే చిన్న పిల్ల నువ్వు అంటే మొదట చురుక్కుమన్న మాట నిజమే. కానీ ఆ చురుకు కింద ఇంకేదో కదిలింది. బువ్వ తిన్నావా అని తనను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో. తిన్నానో లేదో నిజంగానే ఆలోచించింది. తినలేదు.

లోపల బల్ల మీద రెండు తెరలున్నాయి. ఒకటి సలహాదారు వైపు, ఒకటి వచ్చినవాళ్ళ వైపు.

"నేనేం నొక్కుతున్నానో నీకు కనిపించాలి. దాచిపెట్టి చేసే పనికి నా దగ్గరికి రావక్కర్లేదు," అంది సలహాదారు, రెండో తెరని పిచ్చుక వైపు తిప్పుతూ. "నీ దరఖాస్తు ఇన్నాళ్ళూ బజ్జుంది. ఇప్పుడు లేచి కూచుని ఏడుస్తోంది. ఎందుకేడుస్తోందో చూద్దాం. ఇదంతా ఎవరు నింపారు?"

"అన్నయ్య."

"నువ్వు పక్కన లేవా?"

"ఉన్నాను. టీ…" అని ఆగిపోయింది.

"సరే. మొదట్నించీ చూసుకొద్దాం. మీ నాన్న పేరు చెప్పు."

చెప్పింది. సలహాదారు వేళ్ళు టకటకలాడాయి. పక్కనున్న పాస్‌పోర్టు కేసి చూసింది. వేళ్ళు ఆగాయి.

"ఇందులో వేరే పేరుంది."

పిచ్చుక చెవులు వేడెక్కాయి. అడిగిన గొంతులో ఏ ఉచ్చూ లేదు. పాపాయిని అడిగినట్టు అడిగింది. పాపాయిలాగే తనూ చెప్పేసింది. నోరు జారిందనడానికీ లేదు. అలవాటైన దారిన పోయిందంతే.

"నేను చెప్పింది పెదనాన్న పేరు. పాస్‌పోర్టులో ఉన్నది నాన్న పేరు."

"పెద్ద నాన్నా? అయితే చిన్న నాన్న కూడా ఉంటాడా?"

"ఉంటాడు. చిన్నాన్న. నాకు లేడులెండి. మా నాన్నే చిన్నవాడు."

"మీ ఇళ్ళల్లో ఎంతమంది నాన్నలే!" అంది సలహాదారు, నిజంగానే ఈర్ష్యపడుతున్నట్టు. "మరి మీ నాన్న?"

"నాకు ఊహ తెలియకముందే పోయాడు. వెనకాలే అమ్మ. పెదనాన్నే పెంచాడు."

"అయితే ఈ అన్నయ్య నీకు ఏమవుతాడు?"

"అన్నయ్యే అవుతాడు."

"మీ అమ్మ కడుపులోంచే వచ్చాడా?"

"లేదు. పెదనాన్న కొడుకు."

"అప్పుడు అన్నయ్య ఎట్లా అవుతాడు?"

"మరి ఏమవుతాడు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకరు ఎగతాళి చేస్తున్నారేమోనని ఇంకొకరికి అనుమానం. కింద మర కీచుమని ఊరుకుంది. 'ఏమవుతాడు' అనే మాట పిచ్చుకకు మొదటిసారి విడిగా వినిపించింది. మనం ఏమిటి అని అడగం, ఏమవుతాడు అంటాం. ఇంకా అవుతూనే ఉన్నట్టు. ఒక రోజుతో తేలిపోయే విషయం కానట్టు. తెర మీది గడికి ఆ ఓపిక లేదు. దానికి ఒక్క మాట కావాలి, అదీ ఇప్పుడే కావాలి.

సలహాదారు కుర్చీలో వెనక్కి వాలింది. ఇప్పుడామె గొంతు మారింది. మాటలు అవే, అమ్మ దగ్గర నేర్చిన పాపాయి మాటలే, కానీ వెనక లైసెన్సున్న మనిషి కూర్చుంది.

"విను. మీ అన్నయ్య నిన్ను తోబుట్టువు గడిలో పెట్టాడు. ఈ దేశం పౌరుడి తోబుట్టువుకి ఒక దారి ఉంది, ఆ దారిలో పంపించాడు. తల్లిదండ్రుల గడిలో తన తల్లిదండ్రుల పేర్లు రాశాడు. పాస్‌పోర్టులో వేరేవాళ్ళ పేర్లున్నాయి. ఆఫీసువాళ్ళకి కోపం వచ్చింది. వాళ్ళకి ఇది అబద్ధం."

"అబద్ధం కాదండీ!"

"కాదని నాకు ఇప్పుడు తెలిసింది. నువ్వు చెబితే. నాకే తెలియలేదు, వాళ్ళకెట్లా తెలుస్తుంది? అబద్ధమని వాళ్ళే తేల్చి కొట్టేస్తే ఆ మచ్చ పోదు. నువ్వు ఇంకెప్పుడు ఏ దరఖాస్తు పెట్టినా అది ముందు కనిపిస్తుంది. వాళ్ళు తేల్చకముందే మనమే 'పొరపాటు జరిగింది, ఇదీ సంగతి, వెనక్కి తీసుకుంటున్నాం' అని రాస్తే మచ్చ ఉండదు."

"వెనక్కి తీసేసుకుంటే ఇంక నా చేతిలో ఏముంటుంది?"

"చేతులున్నాయిగా. ఏం చేస్తావు వాటితో?"

పిచ్చుక చెప్పింది. మొదట రెండు ముక్కల్లో తేల్చేద్దామనుకుంది. తీరా మొదలుపెట్టాక ఆపబుద్ధి కాలేదు. మైనంతో పన్ను ఆకారం చెక్కడం, పింగాణీ పొడిని తడిపి కుంచెతో పొరలు పొరలుగా వెయ్యడం, కొలిమిలో కాల్చడం. పళ్ళు తెల్లగా ఉంటాయనుకుంటారు గానీ ఏ పన్నూ తెల్లగా ఉండదని, చిగుళ్ళ దగ్గర పసుపు, కొసన నీలం, మధ్యలో ఒక్కో మనిషికి ఒక్కో ఎండ అని. సలహాదారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. మధ్యలో ఒక్కసారి తన ముందుపన్ను మీద నాలుక ఆడించుకుంది.

"ఇన్నేళ్ళుగా ఇది చేస్తూ నువ్వు తోబుట్టువు గడిలో ఎందుకున్నావే తల్లీ?" అంది చివరికి. "చేతిపని వచ్చినవాళ్ళకి వేరే దారుంది. నీ పనివాళ్ళు ఇక్కడ కరువు. ల్యాబు యజమాని ఒక ఉత్తరం ఇస్తాడా?"

"ఇస్తాడు. వెళ్ళిపోతానేమోనని నాకంటే ఆయనే ఎక్కువ దిగులుపడుతున్నాడు."

"ఇంకేం! ఆ దారిలో నీకు అన్నయ్య అక్కర్లేదు."

మంచి మాటే. ఇన్నాళ్ళుగా వినాలని ఎదురుచూసిన మాట కూడా. మరి పిచ్చుక గుండెలో ఆ దడేమిటి? సంతోషమనుకుని కాసేపు తనను తాను మభ్యపెట్టుకోబోయింది. కాదు. భయం. అన్నయ్య నొచ్చుకుంటాడనా? అది పైపొర. దాని కింద ఇంకో పొర ఉంది. 'నేను చూసుకుంటానుగా, నువ్వు టీ పెట్టు.' ఆ మాటంటే తనకు ఇష్టం. విసుక్కుంటూనే ఇష్టం. ఆ మాట చాటున ఇన్నేళ్ళు వెచ్చగా ఉంది. చాటు తనకే కావాల్సి వచ్చి, అన్నయ్య కోసం ఉంటున్నట్టు నటించిందా? ఈ అనుమానం ఆమెకు ఇదివరకు ఎప్పుడూ రాలేదు. వచ్చిన తర్వాత పొమ్మన్నా పోలేదు.

"ముందు పాతది వెనక్కి తీసుకుందాం," అని సలహాదారు తెర మీద బాణం గుర్తుని కదిలించింది. "ఇక్కడ నొక్కితే ఫోనుకి ఒక కోడు వస్తుంది. అది ఇక్కడ కొట్టాలి. ఈ నంబరు నీదేనా?"

తెర మీద చివరి రెండంకెలు మాత్రమే ఉన్నాయి. ఆ రెండూ చాలు.

"అన్నయ్యది."

"అవునులే," అంది సలహాదారు. నిట్టూర్చలేదు, నవ్వలేదు. టేబులు మీదున్న ఫోనుని పిచ్చుక వైపు జరిపింది. "చెప్పాల్సిందే. ఎప్పుడైనా చెప్పాల్సిందే కదా."

*

అన్నయ్య డ్రైవింగ్ నేర్పుతాడు. నేర్చుకునేవాడి పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి ఉంచడం ఆయన వృత్తి. అది ఎంత ఒంటబట్టిందంటే, బస్సెక్కినా, ఎవరి కారులో కూర్చున్నా, మలుపు రాగానే కుడికాలు నేలని తొక్కుతుంది. ఇంట్లో వదిన కూర తరుగుతుంటే చూస్తూ కూడా తొక్కుతాడని వదిన నవ్వుతుంది. రెండు క్లాసుల మధ్య ఖాళీలో అటే ఉన్నాడు కాబట్టి చిటికెలో వచ్చేశాడు. మెట్లు దబదబా ఎక్కిన చప్పుడు కింది మరని మించిపోయింది.

"ఏమైందే? ఎవరేమన్నారు? ఎక్కడున్నావో చెప్పవు, వెళ్ళొస్తా అంటావు, వెళ్ళింది ఇక్కడికా!" అని, సలహాదారుని చూసి గొంతు తగ్గించాడు. "నమస్కారమండీ."

"కూచో నాన్నా," అంది సలహాదారు.

అన్నయ్య కూర్చోలేదు. యాభై దాటిన మనిషి. జుట్టుకి రంగు వేస్తాడు, మీసానికి వెయ్యడం మరిచిపోతాడు. "నాన్నా ఏంటి? నా వయసెంతనుకున్నారు?"

"ఆవిడకి అంతే వచ్చు అన్నయ్యా. కూర్చో," అంది పిచ్చుక.

కూర్చున్నాడు. సలహాదారు మొత్తం సంగతి నెమ్మదిగా, ఏదీ దాచకుండా చెప్పింది. చెప్పినంతసేపూ అన్నయ్య కుడికాలు నేలని తొక్కుతూనే ఉంది.

"అంటే? అది నా చెల్లెలు కాదని రాస్తారా?"

"తోబుట్టువు కాదని రాస్తాం."

"రెండూ ఒకటేగా!"

"ఇక్కడ ఒకటి కాదు. మీ ఇంట్లో ఒకటేనని నీ చెల్లెలు చెబితేనే నాకు తెలిసింది."

"ఇదిగో," అని అన్నయ్య పిచ్చుక వైపు తిరిగాడు. కోపం పోయి, ఆ ముఖంలో ఉత్సాహం మెరిసింది, బహుమతి దాచి తెచ్చినవాడిలా. "ఇవన్నీ ఎందుకు? పని అయిపోయింది. సాయంత్రం చెబుదామనుకున్నా. అక్కడ మనవాళ్ళతో మాట్లాడాను. చూడు." ఫోను తీసి ముందుకి చాపాడు. "నీ పుట్టిన సర్టిఫికెట్టు. తండ్రి గడిలో నాన్న పేరు. తల్లి గడిలో అమ్మ పేరు. సంతకం, ముద్ర, అన్నీ ఉన్నాయి. దీన్ని పెట్టేస్తే సరి. పాస్‌పోర్టులో అచ్చుతప్పు పడిందంటాం."

సలహాదారు చటుక్కున ముఖం తిప్పుకుని కిటికీ కేసి చూసింది. "నాకేం కనిపించలేదు. కనిపించిందంటే మీ పని నేను చెయ్యకూడదు. జేబులో పెట్టుకో నాన్నా. తొందరగా పెట్టుకో."

కానీ పిచ్చుక చూసింది. చూడకుండా ఉండలేకపోయింది. అక్షరాలు బాగా కుదిరాయి. ముద్ర గుండ్రంగా, నీలంగా ఉంది. తన పేరు, తను పుట్టిన తేదీ. ఆ కాగితంలో ఆమె ఉంది. నాన్న లేడు. ముఖం గుర్తులేని మనిషి, గొంతు గుర్తులేని మనిషి, పాస్‌పోర్టులో ఒక్క వరుస తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా జాగా లేని మనిషి. ఆ వరుస కూడా అచ్చుతప్పట.

"అన్నయ్యా," అంది. "నేను రోజూ చేసే పని ఇదే కదా. లేని పన్నుని ఉన్నట్టు చెయ్యడం."

"మరి! బతుకుతెరువు అదేగా నీది. ఇదీ అట్లాంటిదే అనుకో."

"అనుకోలేను. నేను చేసింది పెట్టుకునేవాళ్ళకి అది కట్టుడు పన్నని తెలుసు. తెలిసే పెట్టుకుంటారు, హాయిగా నములుతారు. నీ సొంత పన్నే ఇది అని ఎవరికైనా అబద్ధం చెప్పి పెట్టామనుకో, వాడు దేన్ని కొరికినా భయమే. ఎప్పుడు ఊడుతుందో అని. నన్ను జీవితాంతం అట్లా కొరకమంటావా?"

"మాటలు బాగా వచ్చాయే నీకు," అన్నాడు అన్నయ్య. ఎత్తిపొడుద్దామనే అన్నాడు. గొంతు సగంలో తడబడింది. "నాన్న బతికి ఉంటే ఈ మాట వినేవాడా? కన్నకూతురికంటే ఎక్కువగా చూశాడు నిన్ను!"

"అవును. చూశాడు."

సలహాదారు కిటికీ వైపు నుంచి తిరిగింది.

"ఒకటి అడగనా? దత్తత తీసుకున్నాడా మీ నాన్న? కాగితం ఏమైనా ఉందా? నిజమైన కాగితం. ఉంటే మీరిద్దరూ చట్టప్రకారం తోబుట్టువులే. ఏదీ వెనక్కి తీసుకోనక్కర్లేదు."

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఎందుకు తీసుకోలేదు? అంత ప్రేమైతే?"

అది నిందించడానికి అడిగిన ప్రశ్న కాదు. తెలియక అడిగింది. కానీ అన్నయ్య కుడికాలు నేల మీద ఆగిపోయింది. పిచ్చుక ఆ కాలినే చూస్తోంది. ఈ ప్రశ్న తను ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏ జవాబు వస్తుందోనని, పరాయిదాన్ని కాబట్టి అంటారేమోనని, చిన్నప్పుడే ఎక్కడో పాతిపెట్టి, పాతిపెట్టిన సంగతి కూడా మరిచిపోయింది.

"బళ్ళో వేసిన రోజు," అన్నాడు అన్నయ్య. ఇద్దర్లో ఎవరికీ కాక, బల్లకి చెబుతున్నట్టు చెప్పాడు. "నేను దీని చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఇది సుద్దముక్క నములుతోంది. హెడ్మాస్టరు తండ్రి గడిలో మా నాన్న పేరు రాసేశాడు. అందరికీ తెలిసిన పేరు కదా, అడగనుకూడా లేదు. నాన్న కొట్టెయ్యమన్నాడు. ఆయన, 'పెంచేది మీరేగా, ఏ పేరైతే ఏముంది, పిల్లకి కూడా మంచిది' అన్నాడు. నాన్న ఎప్పుడూ గొంతెత్తేవాడు కాదు. ఆ రోజు బడంతా వినిపించేట్టు అరిచాడు. 'నా తమ్ముడు పోయాడు. వాడి పేరు కూడా నన్నే తీసెయ్యమంటారా? దానికి తండ్రి ఉన్నాడు. నేను పెదనాన్నని, అది చాలు నాకు' అన్నాడు."

సుద్దముక్క రుచి ఎక్కడినుంచో పిచ్చుక నాలుక మీదికి వచ్చింది. పరాయిదాన్నని కాదన్నమాట. తన చుట్టూ ఒక మనిషి జాగాని అలాగే ఖాళీగా ఉంచి, ఆ ఖాళీకి కాపలా కాశాడన్నమాట పెదనాన్న.

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"గుర్తుంటేగా. దరఖాస్తు నింపేటప్పుడు ఒట్టు, గుర్తే రాలేదు. నాన్న అంటే నాన్నే అనుకుని రాసేశాను."

"మరి ఈ సర్టిఫికెట్టు తెప్పించేటప్పుడు?"

అన్నయ్య ఫోనుని బోర్లా తిప్పి తొడమీద పెట్టుకున్నాడు. "అప్పుడు వచ్చింది," అన్నాడు. "వచ్చినా తెప్పించాను. నిన్ను పంపించేస్తారేమోనని."

సలహాదారు కళ్ళు తుడుచుకుంది, ఏమాత్రం దాచుకోకుండా. పాపాయిలాగే. తుడుచుకుని పనిలో పడింది. కొత్త దరఖాస్తుని తెర మీదికి తెచ్చి, వరసగా చదివింది. ఎవరి ఆధారం మీద ఉంటున్నారు అన్నచోట 'స్వయంగా' అని ఉంది. ఆ ఒక్క మాట చుట్టూ చాలా తెల్లని జాగా ఉన్నట్టనిపించింది పిచ్చుకకు.

"ఇందులో నేనెక్కడా లేను," అన్నాడు అన్నయ్య. ఫిర్యాదులా అనలేదు. రోడ్డు మీద బోర్డు చదివినట్టు అన్నాడు.

"ఉంటావు నాన్నా. ఇదిగో, ఇతర బంధువులు. ఇక్కడ ఎంత పొడుగైనా రాయొచ్చు. ఏమవుతావో చెప్పు."

"తండ్రికి అన్న అయినవారి కుమారుడు," అంది పిచ్చుక, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "పసితనం నుంచి ఒకే ఇంట్లో పెరిగినవారు. ఇప్పుడూ ఒకే ఇంట్లో ఉంటున్నవారు."

"సుద్దముక్కలు తినకుండా కాపాడినవారు," అన్నాడు అన్నయ్య.

"కాపాడలేదుగా. తిన్నానుగా!"

"ఇంకా తినేదానివి."

నవ్వొచ్చింది ముగ్గురికీ. ఆ నవ్వు ఆగాక, తెర మీద ఆ పొడుగాటి వాక్యాన్ని అన్నయ్య మళ్ళీ చదువుకున్నాడు, పెదాలు కదుపుతూ. "ఈ చేంతాడంతా కలిపితే 'అన్నయ్య' అనా?" అని లేచాడు. "నాకు క్లాసుంది." తలుపు ఓరగా వేసి బయటి గదిలోకి వెళ్ళాడు. మెట్లు దిగిన చప్పుడు కోసం పిచ్చుక చెవులు రిక్కించింది. దిగిన చప్పుడు రాలేదు. కుర్చీ కిర్రుమన్న చప్పుడు వచ్చింది.

ఆయన్ని లోపలికి పిలవాలనిపించింది. పక్కన కూర్చోమనాలనిపించింది. నువ్వే నొక్కు అన్నయ్యా అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట ఎంత మర్యాదగా, ఎంత ప్రేమగా వినిపిస్తుందో కూడా తెలుసు ఆమెకు. అది ప్రేమే. కానీ అందులో టీ వాసన వేస్తోంది.

"నొక్కాక కోడు కాసేపే పనిచేస్తుంది," అంది సలహాదారు. "ఆయన చదివి చెబితేనే మనకి తెలుస్తుంది. చెప్పకపోతే మళ్ళీ రేపే. రేపు శుక్రవారం. అడిగి నొక్కుతావా, నొక్కి అడుగుతావా?"

"మీరు నొక్కుతారా?"

"నేను నొక్కకూడదు. నీది నువ్వే నొక్కాలి, చిట్టితల్లీ."

మౌసు మీద ఎవరిదో వెచ్చదనం ఇంకా ఉంది. పిచ్చుక దాన్ని పట్టుకుంది. పింగాణీ మీద చివరి గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టడం ఆమెకు అలవాటు. ఇప్పుడు బిగబట్టలేదు. 'ఉపసంహరించుకుంటున్నాను' అన్నచోటికి బాణాన్ని తీసుకెళ్ళి, వేలు నొక్కింది.

బయటి గదిలో, అన్నయ్య జేబులో, ఫోను టింగుమంది.